నింద మోసిన రాణి దారిలో

ఐర్లండ్ వెళ్లొచ్చానని తెలిసిన వాళ్లంతా ముందు సముద్రం గురించి, పచ్చదనం గురించి అడుగుతారు. రెండూ కావలసినంత ఉన్నాయి. కానీ ఆ దేశంలో నా అంతట నేను కోరి చేసిన ప్రయాణం ఒక్కటే. మిగతా కాలమంతా మా చెల్లెలు కృప ఇంట్లో, ముందుగది కిటికీ దగ్గర గడిచిపోయింది. చలికాలం చివర వెళ్లాను, రెండు నెలలుండి వద్దామని. వెళ్లిన కొద్దిరోజులకే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. తిరిగి మాచర్లలో అడుగుపెట్టేసరికి నా పెరట్లో గోరింట చెట్టు గోడ దాటిపోయింది.

ఆ ఒక్క ప్రయాణం సంగతే రాస్తున్నాను. దాన్ని ఒక రాణి కోసం మొదలుపెట్టాను.

బోమాంట్

కృప ఉండేది ఉత్తర డబ్లిన్‌లో, బోమాంట్ అనే పేటలో. పెద్దాస్పత్రిలో నర్సు. పెళ్లికి ముందే ఉద్యోగం మీద వచ్చింది. భర్త జోసెఫ్ తర్వాత వచ్చాడు. అయినా మా ఊళ్లో ఇప్పటికీ "జోసెఫ్ కృపని ఐర్లండ్ తీసుకెళ్లాడు" అనే అంటారు.

అక్కడి తెలుగు క్రైస్తవులకి ఒక చిన్న సహవాసం ఉంది. డబ్లిన్‌కి గంట దూరంలో డ్రొహెడా అనే ఊళ్లో, రత్నంగారని సంఘపెద్ద ఇంట్లో కలుసుకునేవారు. పాటలు ఎత్తుకునేది కృపే. లాక్‌డౌన్ రాకముందు జరిగిన చివరి ప్రార్థనకి అది డ్యూటీ దిగి, ఆస్పత్రిలోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని వెళ్లింది. తర్వాతి వారం దానికి జ్వరం. అదే వారం రత్నంగారికీ జ్వరం. ఇది కోలుకుంది. ఆయన కోలుకోలేదు. సమాధి కార్యక్రమానికి పదిమందినే రానిచ్చారు. మేం ఫోనులో చూశాం.

ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఒక వాక్యం పెట్టాడు. ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లు నలుగురిలోకి వచ్చేముందు కాస్త ఆలోచించి ఉండాల్సింది, అని. పేరు రాయలేదు. రాయనక్కర్లేదు, ఆరోజు ఆస్పత్రి నుంచి వచ్చింది ఒక్కతే. కాదన్నవాళ్లు ఎవరూ లేరు. ఆదివారం ఆరాధన జూమ్‌లోకి మారాక కృప తన భర్త పేరుతో, ముఖం కనపడకుండా, మైకు ఆపేసి కూర్చునేది. డ్యూటీకి మాత్రం ఒక్కరోజు మానలేదు.

ఆ రోజుల్లోనే కృప కూతురి చరిత్ర పుస్తకం తిరగేస్తుంటే నాలుగు వరుసలు కనిపించాయి. పన్నెండో శతాబ్దంలో డెర్వర్‌గిల్లా అనే రాణి, బ్రెఫ్నీ రాజు భార్య, లెన్‌స్టర్ రాజుతో వెళ్లిపోయిందట. ఆ పగల్లో ఓడిన లెన్‌స్టర్ రాజు సాయం కోసం ఇంగ్లండు నుంచి నార్మన్ సైన్యాన్ని తెచ్చాడట. అలా దేశం పరాయివాళ్ల పాలయిందట. ముప్ఫయ్యేళ్లు ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, నాలుగు వరుసల్లో ఒక దేశం కొంప ముంచిన ఆడమనిషి కనిపిస్తే ఊరుకోలేను. కిటికీ దగ్గర కూర్చుని దొరికినంతా చదివాను. దేశం మీద తాళాలు కాస్త సడలి, జిల్లాలు దాటనిచ్చినప్పుడు, కృపకి వారం సెలవు దొరికింది. ఆ రాణి బతికిన చోట్లు చూపించమని అడిగాను. పటం తీసి చూపిస్తుంటే కృప వేలు చివరి ఊరి దగ్గర ఆగింది. రాణి చనిపోయిన మెల్లిఫాంట్ మఠం డ్రొహెడా పక్కనే ఉంది.

"అది ఆఖరు రోజు పెట్టుకుందాం లేక్కా" అంది.

బయల్దేరుతుంటే కూతురు గుమ్మంలోంచి అక్కడి పిల్లల యాసలో, "యూల్ బి గ్రాండ్, మమ్మీ" అంది. అక్కడ గ్రాండ్ అంటే గొప్ప అని కాదు, ఏం ఫర్వాలేదని.

డ్రమహేర్

మొదటిరోజు వాయవ్యంగా లీట్రిమ్ జిల్లాకి వెళ్లాం. నిమ్మకాయ పులిహోర స్టీలు డబ్బాలో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరాం. దారిలో పెట్రోలు బంకు దగ్గర రెండు టీలు కొంటే మన లెక్కలో నాలుగు వందలపైన అయింది. నేను లెక్క కడుతుంటే కృప నా చేతిలోంచి రసీదు లాక్కుని జేబులో పెట్టుకుంది.

డ్రమహేర్ చిన్న ఊరు. బ్రెఫ్నీ రాజుల కోట ఉన్నచోటని చెప్పే మొండిగోడలు ఏటి ఒడ్డున ఉన్నాయి. కంచె వెనకనుంచే చూడాలి. రాయి కనపడకుండా తీగ అల్లుకుపోయింది. ఆ గోడలు ఆమె కాలంనాటివి కావని, తర్వాతివని కూడా అంటారు. ఏరు మాత్రం అదే కదా అనుకుని కాసేపు నిలబడ్డాను.

ఆ రాత్రికి నోరా అనే ఆమె ఇంట్లో గది తీసుకున్నాం. డెబ్భై దాటిన మనిషి. మార్చి తర్వాత వచ్చిన మొదటి అతిథులం మేమేనట. టీ కప్పులు గోడ అలమారలోంచి తీస్తూ, దాన్ని వాళ్లు ప్రెస్ అంటారు, మీరేం పని చేస్తారని కృపని అడిగింది. కృప తడుముకోకుండా ఆఫీసులో అని చెప్పింది. నేను దాని ముఖం చూశాను. అది కిటికీలోకి చూస్తోంది.

రాణి కోసం వచ్చామంటే నోరా నవ్వింది. మా కష్టాలన్నిటికీ మూలం ఆవిడేనమ్మా, ఎనిమిది వందల ఏళ్ల కష్టం, అంది. తిట్టడం కాదు. ఎదురింటి కోడలి గురించి చెప్పినట్టు తేలిగ్గా చెప్పింది. నాకు మా పల్నాడు గుర్తొచ్చింది. అక్కడ జరిగిన యుద్ధం రాజ్యం పంచుకోలేని అన్నదమ్ములది. అయినా కారణం ఎవరంటే కోడిపందెం అంటారు, లేదా మంత్రాంగం నడిపిన ఆడమనిషి అంటారు. ఇన్నేళ్లూ తరగతిలో నేనూ అలాగే చెప్పాను.

పొద్దున ఫలహారం దగ్గర నోరా తన ఆడపడుచు సంగతి చెప్పింది. వృద్ధాశ్రమంలో ఉండేదట. ఏప్రిల్‌లో పోయిందట. ఎవర్నీ రానివ్వలేదట. ఒక నర్సు ఫోను చెవి దగ్గర పట్టుకుంటే నోరా ఇక్కడినుంచి జపమాల చెప్పిందట. ఆ నర్సు ఎవరో, పేరేమిటో కూడా తెలియదని కళ్లు తుడుచుకుంది.

కృప స్పూను కింద పెట్టి, "నేను ఆఫీసులో కాదు, నర్సుని" అని ఇంగ్లీషులో చెప్పింది. ఇద్దరూ బల్లకి ఆ చివరా ఈ చివరా కూర్చుని ఉన్నారు. లేచి దగ్గరికి రావడానికి లేదు. నోరా కాసేపు తల ఊపుతూ కూర్చుంది. మేం కారెక్కుతుంటే అప్పుడే కాల్చిన గోధుమ రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి వెనకసీట్లో పెట్టింది.

ఆవుల దారి

ఫోను చూపించిన అడ్డదారి మమ్మల్ని ఒక పొలం గట్టులాంటి రోడ్డు మీద వదిలేసింది. ఎదురుగా ఆవుల మంద. వెనక కర్ర పట్టుకుని ఒక రైతు. ఆయన కంగారుపడలేదు. పలకరింపుగా ఒక వేలు పైకెత్తి, తన నడక తాను నడిచాడు. కారు ఆపి, మంద మమ్మల్ని దాటిపోయేదాకా కూర్చున్నాం. ఒకావు అద్దం నాకి పోయింది.

అక్కడే కృపకి రాణి కథ సరిగ్గా చెప్పాను. ఆ కాలపు సన్యాసులు రాసుకున్న వృత్తాంతాల్లో ఉన్నది ఇంతే: లెన్‌స్టర్ రాజు ఆమెని, ఆమె పశువులతో, సామానుతో సహా తీసుకెళ్లాడు. ఆమె తోడబుట్టినవాడి సలహా మీదే ఇది జరిగింది. ఏడాది తిరక్కుండానే పశువులతో సహా వెనక్కి వచ్చింది. అప్పటికి ఆమెకి నలభై దాటాయి. పుట్టింటివాళ్లు మీత్ రాజులు. మొగుడి రాజ్యం చూస్తే పుట్టింటి భూముల్ని కొరుక్కుతింటోంది. పుట్టింటివాళ్లు పక్షం మార్చాలనుకున్నారు. ఆ మార్పు లోకానికి తెలిసింది ఆమె ప్రయాణంతోనే. ఇది రాజీ బేరంలో ఒక ఎత్తు అని ఇప్పటి చరిత్రకారులు కొందరంటారు. నాకూ అదే నిజమనిపిస్తుంది. మోజుపడి పారిపోయే మనిషి మందని తోలుకుపోదు.

"మరి సైన్యం వచ్చింది ఆమె వల్లే గదా?" అంది కృప.

"ఆ లెన్‌స్టర్ రాజుని మిగతా రాజులు దేశం నుంచి తరిమేసిందే పధ్నాలుగేళ్ల తర్వాత, సైన్యం ఆపైన వచ్చింది. ఈ మధ్యలో ఎన్ని యుద్ధాలు, ఎన్ని పగలు. అవన్నీ పోయి ఈమె పేరొక్కటే మిగిలింది."

కృప కారు స్టార్ట్ చేస్తూ, "ఎవురో ఒకళ్లు కావాల గదక్కా జనానికి" అంది.

క్లాన్‌మక్‌నాయిస్

షానన్ నది ఒడ్డున పాతకాలపు మఠాల ఊరు అది. పెద్ద ఆవరణలోకి వెళ్లాలంటే ముందే టికెట్ తీసుకోవాలట. మాకు తెలియదు. అక్కడి కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి మా ముఖాలు చూసి, మీరు వచ్చింది రాణి గుడి కోసమైతే దానికి టికెట్ లేదు, ఆ గడ్డిదారిన పోండి, అని చెయ్యి చూపించాడు.

సన్యాసినుల గుడి అంటారు దాన్ని. పొలాల మధ్య ఒంటరిగా, కప్పు లేకుండా, రెండు కమానులతో ఉంది. మన శివాలయం ముఖమండపమంత కూడా లేదు. కమాను రాళ్ల మీద చెక్కిన జంతువుల తలలు రాతి కడ్డీని కరిచిపట్టుకుని చూస్తుంటాయి. వెళ్లిపోయిందని లోకం అనుకున్న తర్వాత పదిహేనేళ్లకి, నార్మన్లు రావడానికి రెండేళ్ల ముందు, డెర్వర్‌గిల్లా దీన్ని పూర్తి చేయించింది. వృత్తాంతంలో మొగుడు కట్టించాడని లేదు. ఆమె కట్టించిందనే ఉంది.

అంతకు పదేళ్ల ముందు ఇంకొకటి జరిగింది. మెల్లిఫాంట్ మఠం ప్రతిష్ఠకి దేశంలోని రాజులూ బిషప్పులూ కూడారు. పేరుకే ప్రతిష్ఠ. ఆ సభలోనే ఒక రాజుని గద్దె దింపారు. పెద్దరాజు అరవై ఔన్సుల బంగారం ఇచ్చాడు. మరో రాజు అరవై ఇచ్చాడు. డెర్వర్‌గిల్లా కూడా సరిగ్గా అరవై ఇచ్చింది, పైన ఒక బంగారు పాత్ర, తొమ్మిది పీఠాలకి వస్త్రాలు. ఆ సభలో ఆమె ఏం మాట్లాడిందో ఎవరూ రాయలేదు. అసలు మాట్లాడిందో లేదో. కానీ మొగుణ్ణి వదిలిపోయిన ఆడదని నలుగురూ అనుకునే మనిషి, ఆ రాజులందరి ఎదటా, వాళ్లతో సమంగా తూచి ఇచ్చింది. వద్దనగలిగినవాడు లేడు.

ఇదంతా కృపకి చెబుతూ గడ్డిలో కూర్చున్నాను. నోరా రొట్టె తుంచుకుని తిన్నాం. అప్పుడు కృప మొదటిసారి రత్నంగారి జబ్బు సంగతి ఎత్తింది.

"నేను తేలేదని నాకు నేను చెప్పుకోలేనక్కా. తెచ్చానేమో. ఆ రోజు వార్డులో ఎవురికుందో ఎవురికి లేదో మాకే తెలవదు. ఆ వాక్యం పెట్టినాయన మీద కోపం ఎట్టా పడేది? ఆంటీ ముఖం చూసి ఏం చెప్పేది?"

నేను ఓదార్చబోయాను. "కాదులే అనమాక. నువ్వు చూడలేదు, నేనూ చూడలేదు" అంది.

ఆంటీ అంటే రత్నంగారి భార్య సులోచన. కృప చెప్పినదాన్నిబట్టి, సంఘంలో పెద్ద పేరు ఆయనది, నడిపేది ఆవిడ. ఎవరు వాక్యం చెప్పాలో, ఎవరి తగువు ఎక్కడ ఆపాలో వంటగదిలోంచే తేల్చేది. బయటికి వచ్చి ఒక్కమాట మాట్లాడేది కాదు. ఆ మెసేజీ వచ్చిన రోజూ మాట్లాడలేదు. కృపకి అన్నిటికంటే అదే పెద్ద దెబ్బ.

ఆ సాయంత్రం ఆథ్లోన్ ఊళ్లో బస. వేయించిన బంగాళాదుంపల మీద వెనిగర్ చల్లి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. నదివైపు కారు ఆపుకుని, వేళ్లు కాలుతుంటే తిన్నాం. నేను కారప్పొడి తెచ్చుకోనందుకు బాధపడ్డాను. కృప ఫోను తీసి సులోచనగారికి ఒక మెసేజీ పెట్టింది. రేపు అటువైపు వస్తున్నాం, ఇంట్లోకి రాము, గుమ్మం బయట నిలబడి పలకరించి పోతాం, అని. చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు.

డ్రొహెడా

మర్నాడు ఆదివారం. జవాబు లేకపోయినా వెళ్లాం. వరసగా ఒకేలా ఉండే ఇళ్లలో అదొకటి. కృప కారు దిగి, మాస్కు సరిచేసుకుని, గేటు దగ్గరే ఆగిపోయింది. గంట నేనే కొట్టాను. తలుపు తెరవలేదు. ఇంటి పక్కనున్న చెక్క గేటు తెరుచుకుంది.

సులోచనగారు సన్నగా, పొట్టిగా ఉన్నారు. తెల్లచీర కాదు, మామూలు నేత చీర. కాకినాడ మనిషి. "వందనాలండి టీచరుగారూ. ఇలా వెనక్కి వచ్చేయండి, గాలి ఉంటుంది" అన్నారు. కృప వైపు చూసి, "ఏవమ్మా, చిక్కిపోయావ్" అన్నారు, అంతే.

పెరట్లో మూడు కుర్చీలు దూరందూరంగా వేసి ఉన్నాయి. అంటే మెసేజీ అందినప్పటినుంచీ మా కోసమే చూస్తున్నారన్నమాట. చిన్న బల్ల మీద మూడు విస్తరాకు ప్లేట్లలో కోడి పలావు, మూతలు పెట్టి. ఎవరిది వాళ్లం తీసుకున్నాం. ఉప్పు కాస్త తగ్గింది. ఆయనకి బీపీ కదండీ, చెయ్యి అలా అలవాటైపోయింది, అన్నారావిడ.

కృప తినలేదు. ప్లేటు ఒళ్లో పెట్టుకుని, తను చెప్పాలనుకున్నది చెప్పింది. ఆరోజు రావడం తన తప్పేమోనని, జబ్బు తనే తెచ్చిందేమోనని, క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లలేదని. మాస్కు వెనక దాని మాటలు తడిసిపోయి సగమే వినిపించాయి.

సులోచనగారు అంతా విన్నారు. వెంటనే లేదమ్మా అనలేదు.

"నువ్వు తెచ్చావో, మా వారే షాపులోంచి తెచ్చుకున్నారో, ఆరోజు వచ్చిన పాతికమందిలో ఇంకెవరు తెచ్చారో, నాకు తెలీదమ్మా. ఎవరికీ తెలీదు. తెలుసన్నట్టు మాట్టాడినవాళ్లది తప్పు. అది చూసి ఊరుకున్నాను, అది నా తప్పు. అప్పుడు నాకు ఎవరిమీదో ఒకరి మీద కోపం కావాలి. నువ్వు దొరికావ్."

పక్కింట్లో ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు. సులోచనగారు గోడ గడియారం కనిపించేలా వంటింటి కిటికీలోకి తొంగిచూసి, ఆరాధన మొదలయ్యే వేళయిందని లేచారు. లోపల్నుంచి ఒక స్టూలు, ఫోను తెచ్చారు. మేం సెలవు తీసుకోబోయాం.

"కూచోండి. కృపా, నీ కుర్చీ కాస్త ఇటు జరుపు. అంత దూరం కాదు. ఆ, అక్కడ."

ఫోనుని స్టూలు మీద నిలబెట్టి, వెనక్కి వెళ్లి కూర్చుని, మళ్లీ లేచి వచ్చి కోణం సరిచేశారు. తెరలో ఇద్దరూ పడ్డారు, మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీతో. మీటింగులోకి వెళ్లారు. గళ్లు గళ్లుగా ముఖాలు కనిపించాయి. ఎవరి వంటగదుల్లో వాళ్లు, ఎవరి సోఫాల్లో వాళ్లు. మాట్లాడుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆ వాక్యం పెట్టినాయన ఎవరో నాకు తెలియదు. కానీ ఒక గడిలో ఒకాయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు, చాలాసేపు తుడిచాడు.

సులోచనగారు ఏ వివరణా ఇవ్వలేదు. "వందనాలండి అందరికీ. మొదటి పాట కృప ఎత్తుకుంటుంది" అన్నారు.

అది వెంటనే ఎత్తుకోలేకపోయింది. గొంతు రెండుసార్లు తప్పింది. సులోచనగారు సాయం పట్టలేదు, నన్నూ పట్టవద్దని కళ్లతోనే వారించారు. మూడోసారికి నిలబడింది. రెండో చరణానికి ఒకావిడ మైకు తెరిచి కలిసింది. తర్వాత ఇంకొకరు. జూమ్‌లో పదిమంది కలిసి పాడితే ఎవరి తాళం వారిది, ముందొకరు వెనకొకరు. అంత గందరగోళపు పాట నేనెప్పుడూ వినలేదు. మాస్కు లోపల నా ముఖమంతా తడిసిపోయింది.

మెల్లిఫాంట్

ఇన్నేళ్లుగా ఇంత దగ్గర్లో ఉండి ఎప్పుడూ చూడలేదంటూ సులోచనగారు కూడా వస్తానన్నారు. కారు అద్దాలన్నీ దించి, ఆవిడని వెనకసీట్లో కూర్చోబెట్టుకున్నాం. గాలికి ముగ్గురి జుట్టూ చెదిరిపోయింది.

మఠం ఒక చిన్న లోయలో ఉంది. ఆఫీసు మూసి ఉంది గానీ మైదానం తెరిచే ఉంది. గోడలు చాలావరకు మోకాలెత్తే మిగిలాయి. ఎనిమిది పలకల కట్టడం ఒకటి సగం నిలబడి ఉంది. సన్యాసులు భోజనానికి ముందు చేతులు కడుక్కునే చోటది. చేతులు కడుక్కోవడానికి ఇంత అందమైన మంటపమా అని సులోచనగారు దాని చుట్టూ తిరిగారు. మొగుణ్ణి నార్మన్లు చంపాక, పుట్టింటి రాజ్యం చెదిరిపోయాక, డెర్వర్‌గిల్లా ముసలితనంలో ఇక్కడికే వచ్చింది. తను బంగారమిచ్చిన చోటికే. ఎనభై దాటి బతికి ఇక్కడే పోయింది. సమాధి ఎక్కడో ఎవరూ చూపించలేరు.

కృప దూరంగా ఏటివైపు వెళ్లింది. నేను రాణి కథంతా సులోచనగారికి చెప్పి, మనసులో ఉన్నది అడిగేశాను. గ్రూపులో ఒక్క మాట రాస్తే సరిపోయేది కదా, ఇన్ని నెలలు ఇది కుమిలిపోయింది, అని.

ఆవిడ నొచ్చుకోలేదు. రాతి గట్టు మీద కూర్చుని కొంగు సర్దుకున్నారు.

"రాస్తే వాదిస్తారండి. ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు, పిల్ల పేరు ఇంకో నెల నలుగుతుంది. పక్కన కూచోబెట్టుకుంటే ఏం వాదిస్తారు? ఇన్నాళ్లూ నాకే కూచోబెట్టుకునే మనసు రాలేదు. అదండి ఆలస్యం."

అప్పుడే కృప ఫోను మోగింది. ఎత్తి వింది. మావైపు ఒకసారి తిరిగి చూసింది. ఫోను చేసింది ఆ వాక్యం పెట్టినాయనేనని తర్వాత కారులో చెప్పింది. క్షమాపణ ఏమీ చెప్పలేదట. ఇంట్లో వాళ్లమ్మకి రెండ్రోజులుగా జ్వరం, ఆదివారం కావడంతో వాళ్ల వీధి డాక్టరు దొరకడం లేదు, ఏం చెయ్యమంటారు సిస్టర్ అని అడిగాడట.

సిగ్నల్ సరిగ్గా లేదు. కృప ఒక చెవి మూసుకుని, గడ్డిలో అటూ ఇటూ తిరిగి, పడిపోయిన స్తంభాల మధ్య ఒకచోట నిలబడింది. వార్డులో దాని గొంతు ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ వినలేదు. అప్పుడు విన్నాను.

"కంగారుపడకండి. ముందు ఇది చెప్పండి, ఆమె నీళ్లు తాగుతున్నారా?"